దిబ్బ మీద ఎనిమిదో ఇల్లు

మా ఎల్మవీర్ దిబ్బ మీద చర్చి చుట్టూ ఎనిమిది ఇళ్లు. ఏడింటి గుమ్మం పక్కన నీలం తెలుపు ఫలకం ఉంటుంది. అవి పాతవి, కాపాడుకోవలసినవి అని ప్రభుత్వం రాసిచ్చిన గుర్తు అది. ఎనిమిదోది హిల్లె బోల్హౌస్‌ది. దానికి ఫలకం లేదు. లేకపోతే కొంపలేం మునిగిపోతాయని ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబరు రెండో మంగళవారం నాడు మునిగింది.

ఆ పూట హిల్లె మూడు ఊళ్ల ఉత్తరాలు పంచి వచ్చి, పోస్టు సైకిల్ గోడకి ఆనించేసరికి గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇద్దరు చర్చి చూడటానికి సైకిళ్ల మీద వచ్చిన ముసలి దంపతులు. చర్చి తలుపు మీద "తాళంచెవి పక్కింట్లో" అని కాగితం అంటించి ఉంటుంది. ఆ పక్కిల్లు హిల్లెదే. మూడో మనిషి భూకంపాల ఆఫీసు నుంచి వచ్చిన లిసాన్. ముప్ఫై దాటని పిల్ల. చంకలో ఫైలు.

"మోయ్. మీరు కాస్త ఆగాలి మేడమ్. వీళ్లు ముందొచ్చారు," అంది హిల్లె, మేకుకున్న తాళంచెవి తీసుకుంటూ. మోయ్ అంటే మా వైపు పలకరింపు. ఆ తాళంచెవి మూరెడుంటుంది. ఫైలు కంటే ముసలివాళ్లే ముందొచ్చారని ఆమె ఎలా తేల్చిందో ఆమెకే తెలియాలి.

చర్చిలో ఆమె చెప్పే కథ ఇరవై ఏళ్లుగా ఒకటే. ఉత్తరపు గోడ మీద నడుమెత్తున గీసిన గీత చూపిస్తుంది, 1717 క్రిస్మస్ వరద అక్కడిదాకా వచ్చిందని. ఆ తర్వాత తూర్పువైపు నడిపిస్తుంది. అక్కడ గోడ కత్తితో కోసినట్టు చదునుగా ఆగిపోతుంది. "ఇక్కడ అర్ధచంద్రం లాగా గుండ్రంగా ఇంకో భాగం ఉండేది. బలిపీఠం అందులోనే. ఆ క్రిస్మస్ నాడే నీళ్లు దాన్ని పట్టుకుపోయాయి," అంటుంది. విన్నవాళ్లు "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" అంటే ఆమెకి ఇష్టం. ఆ రోజూ వాళ్లు అన్నారు గానీ హిల్లె చెవి బయట గులకరాళ్ల మీద అటూ ఇటూ తిరుగుతున్న లిసాన్ బూట్ల మీదే ఉంది.

వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాక లిసాన్ ఫైలు తెరిచింది. నేల కింద గ్యాసు తోడినకొద్దీ పైన భూమి కుంగి, అప్పుడప్పుడూ ఒక కుదుపు కుదిపేది మా వైపు. ఆ కుదుపులకి ఏ ఇల్లు నిలుస్తుంది, ఏది నిలవదు అని లెక్క వేయడం వీళ్ల ఆఫీసు పని.

"మీ ఇల్లు నిలవదండీ. పడగొట్టి అదే చోట కొత్తది కట్టిస్తాం. ఏప్రిల్లో మొదలు," అంది లిసాన్.

"పక్కవాళ్లవి?"

"వాటికి లోపల ఇనుప చట్రం వేసి నిలబెడతాం."

"వాళ్ల గోడలు కూడా నా గోడల్లాగే చీలాయి కదా!"

"చీలాయి. కానీ అవి స్మారకాల జాబితాలో ఉన్నాయి."

"నా ఇల్లు వాటన్నిటికంటే పాతది, అమ్మాయ్."

లిసాన్ నొచ్చుకుంటూనే ఒక కాగితం తిప్పింది. "మీ ఊరి చరిత్ర పుస్తకంలో 1911లో కాలిపోయిందనీ, కొత్తగా కట్టారనీ ఉంది. బయటి ఇటుక చూస్తే అంత పాతది కూడా కాదు. పసుపుది, మిషను ఇటుక."

"కాలింది కప్పు. గోడలు కాదు. ఆ పుస్తకం రాసిన మాస్టారు ఒక్కసారైనా ఈ ఇంట్లో అడుగుపెట్టింది లేదు. ఇక ఆ పసుపు ఇటుకంటావా, అది మా నాన్న అరవై ఎనిమిదిలో గోడకి తొడిగించిన చొక్కా. ఒళ్లు లోపలుంది."

"ఆధారం ఏదన్నా ఉందాండీ?"

హిల్లె బిస్కెట్ల డబ్బా మూత తీసింది. మా వైపు కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేస్తాం. లిసాన్‌కి ఆ ఒక్కటీ ఇవ్వడం అప్పటికే అయిపోయింది. రెండోసారి డబ్బా తెరిచిందంటే ఆ మనిషి ఎంత కిందికి దిగిందో ఇక్కడ పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. లిసాన్ ఇక్కడి పిల్లే. తల దించుకుని వద్దంది.

"శుక్రవారం తెర్‌హోర్స్ట్ గారు పక్క ఊరికి వస్తున్నారు," అంది చివరికి. "పాత కట్టడాల సంఘం మనిషి. ఈలోపల మీరు ఏదైనా చూపించగలిగితే ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తాను. స్మారకమని ఆయన రాస్తే పడగొట్టరు. ఆ తర్వాత మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదండీ."

శుక్రవారానికి మధ్యలో రెండు రోజులున్నాయి.

మర్నాడు ఉత్తరాలు పంచడం కాగానే హిల్లె తిన్నగా ఫొక్కో పెరట్లోకి వెళ్లింది. ఫొక్కో తాపీమేస్త్రీ. పని మానేసి రెండేళ్లయింది గానీ చేతులు మానలేదు. ఊళ్లో ఎవరి గోడ ముందు నిలబడినా వేలితో సందులు గీకి చూస్తాడు. ఆ పూట ఉల్లికాడల మళ్లలో ఉన్నాడు.

"బాబాయ్, మా గోడకి పసుపు ఇటుక తొడిగింది నువ్వే కదా?"

"నేనూ మీ నాన్నానూ. నాకప్పుడు పదహారు. ఇదేంటి, యాభై ఏళ్ల తర్వాత వంకర పోయిందని దెబ్బలాడ్డానికొచ్చావా?"

"లోపల ఏముందో గుర్తుందా?"

ఫొక్కో నడుము నిటారు చేశాడు. "ఎర్రవి. ఇంతింత లావు. మఠాల్లో సన్యాసులే ఇటుకలు కాల్చిన కాలంనాటివి. మీ నాన్నకి వాటిని చూస్తే సిగ్గు."

"సిగ్గా?"

"కింద వీధిలో కొత్త ఇళ్లు లేచాయి కదా, నున్నగా, నీటుగా. దిబ్బ మీద తన ఇల్లొక్కటే పశువుల కొట్టంలా ఉందని ఆయన బాధ. మన ఊరి జబ్బే అంత, గోడకి కూడా స్నానం చేయించాలి. దిబ్బ మీది వాళ్లలో ముందు చేయించుకుంది మీ నాన్నే. మిగతావాళ్లు డబ్బు కూడేసుకునేలోపు, పాతవి ముట్టుకోవద్దని చట్టం వచ్చిపడింది." ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చేయించుకోలేనివాళ్లవన్నీ ఇవాళ స్మారకాలు. చేయించుకున్నవాడి కూతురు నా ఉల్లికాడల్లో నిలబడి ఏడుస్తోంది."

"ఏడవట్లేదు నేను."

"సరే, ఉండు. ఉలి తెస్తా."

బయట పగలగొడితే దిబ్బంతా గుమిగూడుతుందని పడగ్గదిలోంచి మొదలుపెట్టారు. అలమారు జరిపారు. దాని వెనక గోడ మీద గోధుమ రంగు చీలిక నేల నుంచి చూరు దాకా పాకి ఉంది. పక్కనే పెన్సిలుతో తేదీలు, వెడల్పులు. అవి హిల్లె మొగుడు డెర్క్ రాసినవి. మూడు పొరల గోడకాగితం ఊడబీకితే దాని కింద అట్ట, అట్ట కింద సున్నం.

"ఉలి నిలబెట్టకు, పడుకోబెట్టు," అన్నాడు ఫొక్కో. "నీ కోపం ఇటుక మీద కాదు, సున్నం మీద. దాన్ని కొట్టు, ఇది దానంతటదే బయటికొస్తుంది. మూలల దగ్గర ఊపిరి బిగబట్టు. మూల విరిగితే ఆ ఇటుక ఇంక దేనికీ పనికిరాదు."

మొదటి అరగంటలో హిల్లె రెండు మూలలు విరగ్గొట్టింది. రెండుసార్లూ ఫొక్కో నాలుక చప్పరించాడు గానీ తిట్టలేదు. తర్వాత చెయ్యి కుదిరింది. ఉత్తరాల కట్టలు విడదీసే వేళ్లు కదా, ఎక్కడ వదులుందో చప్పున పట్టేశాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అందులో సముద్రపు గవ్వల ముక్కలు మెరిశాయి. కుంచె తడిపి తుడిస్తే లోపలి ఎరుపు తేలింది. ఒక్కో ఇటుక జానెడు పొడవు, మీద ఇంకో నాలుగు వేళ్లు. మందం నాలుగు వేళ్లకు తగ్గదు. హిల్లె అరచేయి ఆనించి చూసింది. చల్లగా ఉంది. తను పుట్టిన గదిలోనే, తన మంచం తలాపునే, ఇన్నేళ్లూ ఇది ఉందని తెలిసీ చూడలేదు.

"మోయ్, ముసలోడా," అంది ఇటుకతో.

గురువారం మధ్యాహ్నానికి తలుపంత గోడ బయటపడింది. అప్పుడే కింది వరసల్లో వేరే రకం ఇటుకలు తగిలాయి. ఒక అంచు గుండ్రంగా, కొలిచి చేసినట్టు. ఒకటి కాదు, వరసకి ఆరేడు. ఫొక్కో మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో ఆ వంపు తడిమాడు.

"దీన్ని మళ్లీ పూసేద్దాం," అన్నాడు.

"ఏం?"

"పైనవి చాలు, ఇల్లు పాతదని చెప్పడానికి. ఇవి ఇంటికి కాల్చినవి కావు పిల్లా. ఏ మేస్త్రీ ఇంటి గోడలో ఇలాంటిది పెట్టడు."

"మరి ఇంకా మంచిదేగా! ఇంకా పాతవన్నమాట."

"అడిగినదానికి జవాబు చెప్పాలి. అడగనిది చెప్తే ఇంకో ప్రశ్న పుడుతుంది," అన్నాడు ఫొక్కో. "నాకు నచ్చట్లేదు. సున్నం కలపనా?"

హిల్లె ఒక నిమిషం ఆలోచించింది. గుండ్రటి ఇటుకలు తడికి మెరుస్తూ ఎంత బాగున్నాయంటే, వాటి మీద మళ్లీ సున్నం కొట్టడం నాన్న చేసిన పనే మళ్లీ చేసినట్టు కదా అనిపించింది ఆమెకి. "ఒకసారి దాచినందుకే కదా బాబాయ్, ఇంత దూరం వచ్చింది! ఈసారి దాచను," అంది.

ఫొక్కో తాపీ సంచీలో వేసుకున్నాడు. "నీ ఇల్లు, నీ ఇష్టం."

వెలుతురు ఉండగానే డెర్క్ వచ్చాడు. చక్కెరదుంపల కోతల కాలం. లారీలో రోజుకి పన్నెండు గంటలు ఉంటాడు. బూట్ల నిండా పొలం మట్టి. సాక్సులతో పడగ్గది గుమ్మంలో నిలబడి, మంచం మీద కప్పిన గుడ్డనీ, దుమ్ములో కూర్చున్న పెళ్లాన్నీ చూశాడు.

"కొండని తవ్వి ఎలకని పట్టడం అంటే వినడమే. ఇవాళ కళ్లారా చూస్తున్నా."

"ఎలక కాదు. చూడు, ఏడొందల ఏళ్ల నాటిది."

"నాకు యాభై తొమ్మిది. నడుం నొప్పి. ఆ చీలికలోంచి గాలి దొంగలా వచ్చి నా మెడ మీదే కూర్చుంటుంది. నాలుగు చలికాలాలుగా అందులో పాత పేపర్లు కుక్కుతున్నా. కొత్తిల్లిస్తాం, కింద నేల వెచ్చగా ఉంటుందని వాళ్లంటుంటే, నువ్వు ఈ గోడని చంటిపిల్లాడిలా కడుగుతున్నావు."

"నీకు నేల వెచ్చగా ఉంటే చాలా?"

"చాలు! అవును, చాలు. తప్పా?"

హిల్లె కుంచె నీళ్లల్లో పడేసింది. తప్పు కాదని ఆమెకి తెలుసు. అదే ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది. ఇద్దరూ ఆవాల సూపు తాగారు. తర్వాత డెర్క్ లారీలోంచి పెద్ద టార్పాలిన్ తెచ్చి, దుమ్ము పడకుండా మంచం నలుమూలలా బిగించి కట్టాడు. ఊడిన సున్నమంతా బక్కెట్లతో తోటలోకి మోశాడు. "రేపు ఆ పెద్దమనిషి వస్తే కనీసం గది గదిలా ఉండాలి కదా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

శుక్రవారం పదింటికి తెర్‌హోర్స్ట్ వచ్చాడు. పడమటి పట్నాల మనిషి. మాటలు నోట్లోంచి పరిగెత్తుకొస్తాయి. కాఫీ వద్దన్నాడు. మా దగ్గర కాఫీ వద్దనే మనిషి అంటే సగం పని చెడినట్టే. కానీ గోడ చూడగానే ఆయన కోటు విప్పి హిల్లె చేతికిచ్చాడు, ఆమె గోడకి కొట్టిన మేకు అయినట్టు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. పైవరసల్ని ఒక్క చూపు చూసి వదిలేశాడు. గుండ్రటి వాటి దగ్గరే ఉండిపోయాడు. కొలత తీశాడు, ఫోటో తీశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"మీరేం కనిపెట్టారో మీకు తెలుసా అమ్మా?"

"నా ఇల్లు పాతదని," అంది హిల్లె.

ఆయన నవ్వాడు. మంచి నవ్వే. "తాళంచెవి తీసుకోండి. పదండి."

చర్చిలో తూర్పుగోడ దగ్గరికి తీసుకెళ్లాడు. నేల మీద పడుకున్నంత పని చేసి, గోడ మొదట్లో మిగిలిన ఒక మొండి ఇటుక చూపించాడు. గుండ్రటి అంచు. తను తెచ్చిన వంపు కొలిచే బద్ద దాని మీద పెట్టాడు. ఇందాక పడగ్గదిలో ఎలా కూర్చుందో ఇక్కడా అలాగే కూర్చుంది.

"గుండ్రటి భాగం ఎలా పోయిందని మీరు చెప్తారు?"

"వరదకి. క్రిస్మస్ వరదకి."

"వరద కాదమ్మా. ఇక్కడ ఇటుక తెగిపోలేదు. జాగ్రత్తగా విప్పారు, వరస తర్వాత వరస. కప్పు బాగుచేసే స్తోమత లేక విప్పేసి, ఆ ఇటుకల్తో పక్కనే చర్చి నౌకరుకి ఇల్లు కట్టించారు. మీరిన్నాళ్లూ పోయిందనుకుంటున్నది మీ పడగ్గదిలోనే ఉంది!"

వెనకనుంచి లిసాన్ "అమ్మో!" అంది. హిల్లె మాత్రం ముందు ఇరవై ఏళ్లుగా "అయ్యో" అన్న వాళ్లందరినీ తలుచుకుంది. అన్ని వందల మందికి అబద్ధం చెప్పిందా తను! చెవులు కాలాయి. తర్వాత మెల్లిగా సంతోషం వచ్చింది. చర్చి ఒంట్లో ముక్క తన ఇల్లు. ఇక దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

"అయితే పడగొట్టరుగా?" అంది.

"దీన్నా? ఒక్క ఇటుక పాడైనా నేను ఊరుకోను," అన్నాడు తెర్‌హోర్స్ట్. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి నేను ఒట్టేసి చెప్పగలను.

ఆ శని, ఆదివారాలు హిల్లె ఇంట్లో పండగే. డెర్క్ కూడా మెత్తబడి, చట్రం వేసేటప్పుడు నేలని వెచ్చబెట్టే గొట్టాలు కూడా వేయమని అడగొచ్చేమో అన్నాడు. చర్చి బాగోగులు చూసే సంఘానికి ఎప్పో అనే ఆయన పెద్ద. ఆయన ఆదివారం ప్రార్థన అయ్యాక ఈ సంగతి అందరి ముందూ ప్రకటించాడు. జనం వరసకట్టి హిల్లె చెయ్యి పట్టుకుని ఊపారు. ఫొక్కో ఒక్కడే దూరం నుంచి తల ఆడించి ఇంటికి పోయాడు.

మంగళవారం లిసాన్ మళ్లీ వచ్చింది. ఈసారి ఫైలుతోపాటు క్రీము కేకు కూడా తెచ్చింది. కేకు చూసి హిల్లె మంచి పింగాణీ ప్లేట్లు తీసింది. డెర్క్ ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు.

"పాత కట్టడాల సంఘం ఒకే మాట మీద ఉందండీ," అని మొదలుపెట్టింది లిసాన్. "ఇన్నేళ్లలో మన జిల్లాలో ఇంత గొప్ప సంగతి బయటపడలేదట. ఆ ఇటుకలు చర్చివి. ఎక్కువ భాగం బాగున్నాయి. చర్చికి ఎలాగూ చట్రం వేస్తున్నారు కాబట్టి, అదే పనిలో గుండ్రటి భాగాన్ని మళ్లీ కట్టాలని తీర్మానించారు. వాటితోనే."

కాఫీ పోస్తున్న హిల్లె చెయ్యి ఆగలేదు. కప్పు నిండి సాసరులోకి పొర్లింది.

"వాటితోనే అంటే?"

"ఇల్లు ఇల్లుగా స్మారకం కాదని రాశారు. ఇటుకలు వాటి అసలు చోట లేవు కదండీ. అందుకని ఇటుక స్మారకం, ఇల్లు కాదు." లిసాన్ కేకు పెట్టె తాడు వేలికి చుట్టుకుంటోంది. "యంత్రంతో పడగొట్టకూడదని గట్టిగా రాశారు. చేత్తోనే విప్పాలి, ఒక్కొక్కటీ. మంచు పడితే పాడవుతాయి కాబట్టి ఏప్రిల్ దాకా ఆగరు. నవంబర్లోనే."

డెర్క్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "నేనిలా కోరుకోలేదు," అన్నాడు. "కొత్తిల్లు కావాలన్నాను, నిజమే. ఇలా మాత్రం కాదు, హిల్లె."

"నువ్వేం చేశావు? చేసింది నేను," అంది హిల్లె.

"ఆరు వారాల్లో అభ్యంతరం రాయొచ్చండీ. మీ హక్కు అది. నేనే ఫారం తెచ్చాను," అని లిసాన్ ఒక కాగితం కేకు పక్కన పెట్టింది. "మీ పేరు కూడా రాయిస్తారట, కట్టిన తర్వాత, గోడ మీద. కనిపెట్టింది మీరని."

హిల్లె ఆ ఫారం నింపుతాననే అనుకుంది. బుధవారం సంచీలో వేసుకుని ఉత్తరాలకు బయలుదేరింది. మొదటి గుమ్మంలోనే ముసలి ఆఫ్కె ఆమె రెండు చేతులూ పట్టుకుని అభినందించింది. "చచ్చేలోపు చర్చి నిండుగా చూస్తాననుకోలేదే తల్లీ. నీ పుణ్యమే." రెండో గుమ్మంలో అభినందించారు. బేకరీ వాడు సైకిల్ ఆపి, తేనె రొట్టె చేతిలో పెట్టి మరీ అభినందించాడు. మా వాళ్లకి అదొక అలవాటు. ఒకరి పుట్టినరోజుకి ఇంటిల్లిపాదికీ చెయ్యి కలిపి అభినందిస్తారు. ఎవరికేం పోయిందో అడిగే అలవాటు మాత్రం లేదు. వీళ్లందరికీ ఎదురుగా చర్చి వద్దని, నా పడగ్గదే ముఖ్యమని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. చర్చి తాళంచెవి పెట్టుకున్న మనిషి! మూడో ఊరు చేరేసరికి ఫారం సంచీ అడుక్కి పోయింది. పైన ఉత్తరాలు పడుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఫొక్కో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పూసేద్దామన్నావు," అంది హిల్లె.

"అన్నాను."

"ఎందుకు గట్టిగా చెప్పలేదు బాబాయ్?"

"చెప్తే వినేదానివా?"

ఆమె ఆలోచించింది. "లేదు," అంది. ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. ఫొక్కో టోపీ చేతిలో తిప్పుతూ ఆమె ఏడ్చినంతసేపూ అక్కడే నిలబడి, అయిపోయాక వెళ్లిపోయాడు.

శనివారం నాడు నమూనా పని పెట్టుకున్నారు. ఇంటి వెనక బట్టలుతికే చిన్న గది గోడ ఒకటి విప్పి, ఇటుకలు పరీక్షకు పంపాలి. ఊళ్లోవాళ్లు పదిమంది వచ్చారు, కూలి లేకుండా, ఉత్సాహంగా, సుత్తులతో. ఎప్పో ఇంటి నుంచి పెద్ద ఫ్లాస్కు తెచ్చాడు. ఫొక్కోని కూడా పిలిచారు. తెలిసినవాడు ఒకడుండాలి కదా. డెర్క్ దుంపల లారీ తీసుకుని పొద్దున్నే వెళ్లిపోయాడు. చూడలేనన్నాడు.

హిల్లె వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ముందు పసుపు ఇటుక ఊడి పడింది, దభీదభీమని. దాన్ని తోపుడు బండిలో ఎత్తి పోశారు. నాన్న తొడిగించిన చొక్కా పావుగంటలో పోయింది. లోపలి ఎరుపు బయటపడగానే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత చెక్కడం మొదలైంది. గోడలోంచి తీసిన ఇటుకకి నాలుగు వైపులా పట్టిన సున్నం ఊడగొట్టాలి. బేకరీ వాడి తమ్ముడు ఉలి నిట్టనిలువుగా పెట్టి గట్టిగా కొట్టాడు. మూల ఎగిరిపోయింది. "పోన్లే, ఇంకా చాలా ఉన్నాయి," అని ఇంకోటి తీసుకున్నాడు. అదీ పోయింది. ఎప్పో చేతిలో ఒకటి నడిమికి రెండుగా విరిగింది. ఫొక్కో ఇటు ఒకడికి చెప్పేలోపు అటు ఇంకొకడు విరగ్గొడుతున్నాడు. పక్కన ముక్కల కుప్ప పెరుగుతోంది. ఒక గుండ్రటి ఇటుక ఎప్పో కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆయన ఉత్సాహంగా సుత్తి ఎత్తాడు.

"ఆగు!" అంది హిల్లె.

అందరూ తలెత్తారు. అభ్యంతరం చెప్పబోతోందని అనుకున్నట్టున్నారు. ఎప్పో మొహం పాలిపోయింది. అప్పుడు ఆమె ఏమన్నా విని ఉండేవాళ్లేమో, నాకు తెలియదు. హిల్లె గుమ్మం దిగి, గడ్డిలోంచి నడిచొచ్చి, ఆయన చేతిలో ఇటుక తీసుకుంది.

"అలా కొడితే ఏం మిగుల్తుంది? ఉలి ఇటివ్వు," అంది.

బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఇటుకని ఒళ్లో పెట్టుకుని, ఉలి పడుకోబెట్టి, సున్నం మీద చిన్నగా కొట్టింది. మూల దగ్గర ఊపిరి బిగబట్టింది. సున్నం పెళ్లగా ఊడి గడ్డిలో పడింది. ఫొక్కో గోడలోంచి ఇంకోటి తీసి ఆమె పక్కన పెట్టాడు. దాని తర్వాత మరోటి. మిగతావాళ్లు సుత్తులు దించేసి, ఆమె చెక్కినవి వరసగా పేర్చడానికి నిలబడ్డారు.

మధ్యాహ్నానికి ఆ గోడ లేదు. హిల్లె చెక్కిన నూట పన్నెండు ఇటుకల్లో ఒక్కటీ విరగలేదు. ఎప్పో లెక్క రాసుకుని, ఆమె వైపు చూసి ఎంతో నమ్మకంగా అడిగాడు: "పెద్ద గోడలప్పుడు కూడా నువ్వే కూర్చుంటావుగా హిల్లె?"

ఆమె ఉలి ఒళ్లో పెట్టుకుని, వేళ్లకంటిన సున్నం దులుపుకుంది.

"ఇంకెవరు కూర్చుంటారు?" అంది.